జీపులకు పాతకాలపు రూపం

ఇటీవలి కాలంలో తయారైన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనానికి 1940, 1950 దశకాల నాటి విల్లీస్ జీపు వంటి బాహ్యరూపం కల్పించడాన్ని జీపులకు పాతకాలపు రూపం ఇవ్వడం అంటారు. భారతదేశంలో ఇందుకు ఎక్కువగా ఎంచుకునేవి మహీంద్రా సంస్థ తయారు చేసిన ఎంఎం540, మేజర్, థార్ వాహనాలు. పాత జీపును బాగుచేసి పూర్వస్థితికి తెచ్చే పునరుద్ధరణ వేరు, ఇది వేరు. పునరుద్ధరణలో వాహనం నిజంగానే పాతది. ఇక్కడ పాతది రూపం మాత్రమే. చట్టం కూడా ఈ రెండింటినీ వేరువేరుగానే చూస్తుంది.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1941 నుండి 1945 వరకు అమెరికాకు చెందిన విల్లీస్ ఓవర్‌ల్యాండ్ సంస్థ ఎంబి అనే నమూనాను, ఫోర్డ్ సంస్థ దాదాపు అదే వాహనాన్ని జిపిడబ్ల్యు అనే పేరుతోను తయారు చేశాయి. రెండూ కలిపి 6 లక్షలకు పైగా తయారయ్యాయి. 1945లో విల్లీస్ సంస్థ రైతుల కోసం సిజె-2ఎ అనే పౌర నమూనాను విడుదల చేసింది. నాగలి లాగడానికి, ఇతర యంత్రాలను నడపడానికి ఉపయోగపడే పని వాహనంగానే దానిని ప్రచారం చేశారు. ఆ తరువాత 1949లో సిజె-3ఎ, 1953లో సిజె-3బి వచ్చాయి.

విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మినది బొంబాయికి చెందిన మహీంద్రా సంస్థ. అమెరికాలో సిజె-3బి తయారీ 1968లో ఆగిపోయినా, మన దేశంలో ఆ రూపం ఇంకా కొన్ని దశాబ్దాలు కొనసాగింది. పోలీసు ఠాణా ముందు, తహసీల్దారు కార్యాలయం ముందు, ఏజెన్సీ గ్రామాల సంత దారుల్లో తెలుగువారు చూసిన జీపు ఈ వంశానిదే. 2010లో వచ్చిన మొదటి థార్ కూడా ఆ పోలికను చాలావరకు నిలుపుకుంది. 2020లో విడుదలైన రెండవ తరం థార్ మాత్రం లోపల పూర్తిగా ఆధునిక వాహనం. పాత రూపం కోరుకునేవారికి అసలు సమస్యలు దీనితోనే మొదలవుతాయి.

రూపలక్షణాలు

"పాత జీపు" అనే మాట ఒకటే అయినా, అందులో కనీసం మూడు రూపాలు ఉన్నాయి. వీటిని కలగాపులగం చేయడం ఈ పనిలో తరచు కనిపించే లోపం.

తొలి విల్లీస్ ఎంబి జీపులకు ముందు జాలీ ఇనుప పట్టీలతో అతికినది. ఫోర్డ్ సంస్థ రేకును ఒత్తి, 9 నిలువు చీలికలతో తేలికైన జాలీని రూపొందించగా, విల్లీస్ కూడా దానినే స్వీకరించింది. పౌర నమూనా సిజె-2ఎకు పెద్ద హెడ్‌లైట్లు అమర్చవలసి రావడంతో చీలికలు 7కు తగ్గాయి. సైనిక జీపులో లైట్లు చిన్నవి, జాలీకి కొంచెం లోపలికి ఉంటాయి. పౌర జీపులో అవి పెద్దవి, ముందుకు కనిపిస్తాయి. సైనిక జీపుకు వెనుక తలుపు లేదు; అదనపు చక్రం, పెట్రోలు డబ్బా వెనుకనే ఉంటాయి. సిజె-2ఎకు వెనుక తలుపు ఉంది, అందుచేత అదనపు చక్రం పక్కకు జరిగింది. ఎంబిలో ముందు అద్దం రెండు పలకలుగా ఉంటే, సిజె-3ఎలో ఒకే పలకగా మారింది.

సిజె-3బిలో అమర్చిన హరికేన్ ఇంజను ఎత్తుగా ఉండటంతో బానెట్‌ను కూడా పైకి లేపవలసి వచ్చింది. మన మెకానిక్ షెడ్లలో వాడే "లో బానెట్", "హై బానెట్" అనే మాటలకు మూలం ఇదే. హై బానెట్ జీపుకు 9 చీలికల సైనిక జాలీ బిగించి, పక్కన తెల్ల నక్షత్రం వేస్తే చూపరులకు బాగానే ఉండవచ్చు, కానీ అటువంటి జీపు చరిత్రలో ఎన్నడూ లేదు.

కొలతల చిక్కు

విల్లీస్ ఎంబి ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు, అనగా 2032 మిల్లీమీటర్లు. వెడల్పు 1575 మిల్లీమీటర్లు. 2020 నాటి థార్‌లో ఇవి వరుసగా 2450, 1820 మిల్లీమీటర్లు. జాలీ, లైట్లు, రంగు అన్నీ మార్చినా ఈ తేడా పోదు. ఎంబి నమూనాకు నకలు చేయబూనడం కంటే, మడ్‌గార్డుల మీది ప్లాస్టిక్ తొడుగులు, మెరుపు పట్టీలు, వెడల్పు అల్లాయ్ చక్రాలు వంటి కొత్తదనాన్ని తగ్గించడమే మంచి ఫలితాన్ని ఇస్తుంది. ఒక్క చక్రాలు మార్చినా వాహనం రూపం సగం మారుతుంది. రంగు వేసిన ఇనుప చక్రాలు, గళ్ళ నమూనా గల టైర్లు, కాన్వాసు పైకప్పు, రెగ్జిను తొడిగిన సాదా సీట్లు ఈ రూపానికి ప్రధానమైనవి. అయితే విల్లీస్ టైరు 6.00-16 కొలత గల సన్నని టైరు. మొదటి థార్‌కు 235/70 ఆర్16, కొత్త థార్‌లో పై రకానికి 255/65 ఆర్18 టైర్లు వచ్చాయి. పోలిక కోసం మరీ సన్నని టైర్లు వేస్తే బరువు మోసే శక్తి, బ్రేకు పట్టు తగ్గుతాయి.

పాత మహీంద్రా జీపుల విషయంలో పని సులువు. బాడీ అంతా చదునైన రేకు కనుక, టింకరింగు తెలిసిన పనివారు తుప్పు పట్టిన భాగాన్ని కోసి కొత్త రేకు అతకగలరు. హర్యానాలోని సిర్సా జిల్లాకు చెందిన మండీ డబ్వాలీ పట్టణం ఇటువంటి జీపుల తయారీకి దేశమంతటా పేరు పొందింది.

రంగు

విల్లీస్ అనగానే గుర్తుకు వచ్చేది మెరుపు లేని ఆలివ్ ఆకుపచ్చ రంగు. మన దేశంలో సరిగ్గా ఆ రంగుకే నిషేధం ఉంది. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ ఆకుపచ్చ రంగు వేయరాదు. అంటే అన్నిటికంటే చవకగా, తేలికగా అయ్యే మార్పే ముందుగా చట్టానికి అడ్డం వస్తుంది. పౌర జీపులకు ఆ రోజుల్లోనే వేరే రంగులు కూడా ఉండేవి కనుక లేత పసుపు, బూడిద, ముదురు ఎరుపు, నీలం వంటివి వేసినా పాతదనానికి లోటు రాదు. ఏ రంగు వేసినా నమోదు పత్రంలో మార్పు చేయించుకోవాలి.

చట్టం, భద్రత

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, లేదా రెండూ గాని విధించే వీలు కల్పించింది. బంపరు ముందు బిగించే ఇనుప గార్డులు చెల్లవని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు తెలిపింది.

ఈ ఆంక్షలను కేవలం వేధింపుగా భావించడం సరికాదు. రెండవ తరం థార్ 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో 4 నక్షత్రాలు పొందింది. ఆ ఫలితం కర్మాగారం నుండి వచ్చిన బాడీకి, ఎయిర్‌బ్యాగులకు చెందినది. పాత జీపులా కనిపించాలని పైకప్పు ఆధారాలను కోసినా, బంపరు స్థానంలో మందపాటి ఇనుప దూలం బిగించినా, ఢీకొన్నప్పుడు తాకిడి లోపలికి చేరే తీరు మారిపోతుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకోవలసిన క్షణం తప్పవచ్చు. 1940ల జీపులో సీటు బెల్టు కూడా లేదన్న సంగతిని దాని అభిమానులు మరచిపోతూ ఉంటారు. బీమా సంస్థకు తెలియజేయని మార్పులు ప్రమాదానంతరం పరిహారం విషయంలో వివాదానికి దారితీస్తాయి.

రాక్సర్ వివాదం

పాత రూపం ఎవరి సొత్తు అన్న ప్రశ్న కూడా ఒకసారి తలెత్తింది. 2018లో మహీంద్రా సంస్థ థార్ ఆధారంగా రాక్సర్ అనే వాహనాన్ని అమెరికాలో విడుదల చేసింది. ఇది రోడ్డు మీద తిరగడానికి కాక, పొలాలు, ఎస్టేట్లలో పనికి ఉద్దేశించినది. దాని రూపం తమ జీపును అనుకరిస్తున్నదని, అప్పట్లో జీప్ పేరుకు హక్కుదారు అయిన ఫియట్ క్రైస్లర్ సంస్థ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషనుకు ఫిర్యాదు చేసింది. 2020 జూన్‌లో కమిషను ఫిర్యాదును సమర్థించింది. మహీంద్రా ముందు భాగాన్ని మార్చివేయగా, మార్చిన నమూనా ఉల్లంఘన కిందికి రాదని అదే సంవత్సరం చివర తేల్చింది. విల్లీస్ లైసెన్సుతో మొదలైన వంశమే అయినా, ఆ ముఖంతో అమెరికా మార్కెట్టులో నిలవలేకపోయింది.

వింటేజ్ నమోదు

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. వాహనం వయస్సు 50 సంవత్సరాలు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. వీటి నంబరు పలకలో రాష్ట్రం అక్షరాల తరువాత విఎ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఇలా నమోదైన వాహనాలను ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనం నింపుకోవడానికి తప్ప నిత్య వినియోగానికి నడపరాదు.

పాత రూపం ఇచ్చిన థార్‌కు గాని, కొత్త బాడీ కట్టిన ఎంఎం540కు గాని ఈ నమోదు వర్తించదు. కొనుగోలుదారు "1950ల జీపు" అన్న మాటను నమ్మి ధర చెల్లించే ముందు నమోదు పత్రంలోని తయారీ సంవత్సరాన్ని, ఛాసిస్ మీద చెక్కిన సంఖ్యను, ఇంజను సంఖ్యను సరిచూసుకోవాలి.