పేలికల పటము

అటకమీది ట్రంకుపెట్టెను ఏడాదికొకమాఱు దించి, అందలి పాతచీరలను ఎండవేసి, మరల మడిచి పెట్టుటయే గాని, వానిని కట్టుకొనుటకును పాఱవేయుటకును మనసొప్పని గృహిణులు మన తెలుగునాట ఏ యూరనైనను కానవత్తురు. ఒడలు చివికినను అంచు చెక్కుచెదరని పట్టుచీర, మోకాళ్లకడ పలుచబడిన ధోవతి, పసిబిడ్డ తొడిగి విడిచిన చొక్కా, ఇట్టివన్నియు పూర్వము బొంతలలో చేరి చలికాలమున ఇంటిల్లిపాదికిని వెచ్చదన మిచ్చెడివి. బొంత కుట్టు ఓపికయు, దాని యవసరమును తగ్గిన యీ దినములలో ఆ పేలికలే మఱియొక రూపమున చేతికి వచ్చుచున్నవి. బట్టపై బట్ట నతికి, రంగు పూసి, దారముతో గీతలు తీర్చి, అద్దమో గవ్వయో కాగితపు ముక్కయో చేర్చి కల్పించు ఈ పటములను నేడు మిశ్రమమాధ్యమ వస్త్రకళ యనుచున్నారు. పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. లంబాడీ స్త్రీ తన రవికపై అద్దములను, గవ్వలను, నాణెములను, రంగురంగుల గుడ్డముక్కలను ఒక్కచోట కూర్చుచు తరతరములుగా చేయుచున్నది ఇదియే గదా.

1911లో పారిస్ నగరమున జన్మించి, పిదప న్యూయార్కులో స్థిరపడి, శిల్పిగా లోకప్రసిద్ధి నందిన లూయీజ్ బూర్జ్వా తలిదండ్రులు, చిత్రములు నేసిన ప్రాచీనపు తెరలను బాగుచేయు వృత్తివారు. ఆమె తొంబదియేండ్ల ప్రాయమున, 2002లో, తన పెండ్లినాటి తువాళ్లను పుటలుగను, ధరించి విడిచిన దుస్తుల ముక్కలను చిత్రములుగను గైకొని ఒక వస్త్రపుస్తకమును కూర్చినది. జీవితమంతయు దాచుకొన్న గుడ్డలతో చేసిన ఆ గ్రంథమునకు విస్మృతిని స్తుతించు పేరు పెట్టుకొనుట గమనింపదగినది. దాచుటచేత తీరని బరువు కత్తిరించుటచేత తీరినదేమో!

ఇక పని తీరు. అడుగున నుండు బట్ట ముతక నూలుదైన మేలు. గంజి పోవునట్లు ఉతికి యాఱవేయనిచో అది రంగును సరిగా పీల్చదు. ముక్కలను దానిపై ఇటునటు జరిపి చూచుకొనుటకే ఒక పూట పట్టవచ్చును. ఆ జరుపుటలోనే సగము సుఖమున్నది గనుక తొందరపడి జిగురు పూయరాదు. జిగురు ఆఱినచోట గుడ్డ అట్టవలె బిగిసి సూదిని చొరనీయదు. ముందు టాకాలు వేసి నిలుపుకొని, పిమ్మట కాడకుట్టో గొలుసుకుట్టో వేసినచో మెత్తదనము చెడదు, నచ్చనినాడు విప్పుకొనుటకును వీలుండును. అద్దమునకు రంధ్ర ముండదు గదా. అందుచే దానిపై అడ్డముగను నిలువుగను దారములు బిగించి, ఆ దారపుచట్రమును ఆధారముగ గొని అంచు చుట్టును కాజాకుట్టు వేయుదురు.

రంగుల విషయమున శ్రీకాళహస్తి కలంకారీవారి విద్యను ఒకింత ఎరువు తెచ్చుకొనుట నా కన్నిటికన్న ఇష్టము. వారు బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఎండింతురు. బెల్లపునీట తుప్పుపట్టిన ఇనుపముక్కలను పులియబెట్టి తీసిన కసిమిని వెదురుకలముతో దానిపై దింపుదురు. ఆ ద్రవము కరక్కాయలోని వగరుతో కలిసినంతనే నల్లబడును. పాలలోని కొవ్వు గీతను చెదరనీయదు. ఇంటిలో ఇంత సంభారము వలదు. చిక్కని టీ డికాషనులో నానవైచి యాఱబెట్టిన నూలుగుడ్డపై, తుప్పుమేకులు ఊరిన నీటిని కుంచెతో తాకించినచో, తేయాకులోని వగరే ఆ నలుపును, కొంత బూడిదవన్నెతో, మన కన్నులయెదుట పుట్టించును. పాలు పట్టని బట్ట గనుక గీత ఎంతదూరము పాకునో ముందుగ తెలియదు. తెలియకపోవుటయే యిందలి వినోదము. పసుపునీట ముంచిన గుడ్డపై సబ్బునీరు చిలికిన ఎఱ్ఱని చుక్కలు పొడసూపును గాని, పసుపు ఎండకు నిలువదు; అట్టి పటమును కిటికీ కెదురుగ తగిలింపరాదు.

ఇట్టి పని మనసునకు ఊరట యిచ్చుననుట కేవలము అభిమానపుమాట కాదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున గిరిజా కైమల్ ప్రభృతులు 39 మంది పెద్దలకు బంకమన్ను, రంగుపెన్నులు, కాగితములు కత్తిరించి యతుకుటకు వలయు సామగ్రియు ఇచ్చి, 45 నిమిషములు తోచినది చేయుడని చెప్పి, ముందును వెనుకను వారి లాలాజలములోని కార్టిసాల్ అను ఒత్తిడి హార్మోనును కొలిచి, 2016లో ఫలితములు ప్రకటించిరి. సుమారు 75 శాతము మందిలో అది తగ్గినది; కళ నభ్యసించినవారికిని ఎఱుగనివారికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. పరీక్ష చిన్నది, అందు వస్త్రము లేదు, మిగిలినవారిలో హార్మోను తగ్గనును లేదు. కాబట్టి దీనిని ఔషధముగ నెంచుట తగదు, విడువని దిగులుతో బాధపడువారు వైద్యుని చూడవలసినదే. అయినను, నేర్పు లేకున్నను మేలు కలిగెననుట నాకు ముఖ్యముగ తోచుచున్నది. చిత్రలేఖనమున పోలిక కుదరలేదని నొచ్చుకొనువాడు సైతము పేలికల పటమున ఆ భయము నెఱుగడు, ఏలయన పోల్చిచూచుటకు ఎదుట నమూనాయే లేదు.

ఈ సుఖమునకు చేటు వచ్చునది గడువుతోడనే. గోడనున్న పటమును చూచి చుట్టములలో నెవరో, “అత్తయ్యగారూ, మా గృహప్రవేశానికి ఇలాంటిదే ఒకటి కుట్టి పెట్టరూ, పదిహేను రోజులుంది” అని అడుగుదురు. ఒప్పుకొన్ననాటినుండి కుట్టు వంకర పోయినదని బెంగ, రంగు నచ్చునో లేదోయని బెంగ. అడిగినవారికి కాఫీ యిచ్చి, వెనువెంటనే ఒక సూదిని, దారపుటుండను, పాతచీర కొంగును చేతికందించుట క్షేమము.