మూడు పుల్లల లెక్క

ఉద్దానంలో ఒక పల్లె. చుట్టూ కొబ్బరితోటలు. ఆరో తరగతి చదివే పాప లెక్కల పుస్తకం పట్టుకుని అమ్మ దగ్గరకు వచ్చింది.

"సమద్విబాహు త్రిభుజం అంటే ఏటమ్మా?" అని అడిగింది.

అమ్మ ఈమధ్యే చదువు నేర్చుకుంది. ఆ మాటను కూడబలుక్కుని చదివింది. అర్థం మాత్రం కాలేదు. "నాకు లెక్కలు రావే" అందామనుకుంది. కానీ అనలేదు. అలా అంటే పాప మళ్లీ అడగదు. తనకూ లెక్కలు రావనుకుంటుంది.

అమ్మ చేతిలో ఈనెల చీపురు ఉంది. అందులోంచి లావుపాటి ఈనెలు కొన్ని తీసింది. ఇద్దరూ కూర్చున్నారు.

ఎలా చెయ్యాలి?

సైకిలు షాపులో సన్నటి వాల్వు ట్యూబు దొరుకుతుంది. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కొయ్యాలి. బ్లేడు పని పెద్దవాళ్లే చెయ్యాలి. ట్యూబు ముక్కకు ఆ కొసన ఒక పుల్ల, ఈ కొసన ఒక పుల్ల గుచ్చాలి. మూడు పుల్లలు, మూడు ట్యూబు ముక్కలు కలిస్తే త్రిభుజం తయారు.

1978లో అరవింద గుప్తా అనే ఇంజనీరు మధ్యప్రదేశ్‌లోని పల్లె బడుల్లో అగ్గిపుల్లలు, వాల్వు ట్యూబులతో ఇలాంటి బొమ్మలే చేయించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

పేర్లు ఏమిటి?

బాహువు అంటే ఇక్కడ పక్క. 'సమ' అంటే సమానం. 'ద్వి' అంటే రెండు.

మూడు పుల్లలూ సమానమైతే సమబాహు త్రిభుజం.
రెండే సమానమైతే సమద్విబాహు త్రిభుజం.
మూడూ వేరువేరు అయితే విషమబాహు త్రిభుజం.

పాప 2, 3, 6 అంగుళాల పుల్లలు తీసుకుంది. ఎంత వంచినా కొసలు కలవలేదు. ఎందుకు? చిన్నవి రెండూ కలిపినా 5 అంగుళాలే. ఏ రెండు పుల్లలు కలిపినా మూడోదానికంటే పొడవు ఉండాలి.

త్రిభుజం గట్టిది

నాలుగు పుల్లలతో చతురస్రం చెయ్యండి. మూల నొక్కండి. పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. చతురస్రంలో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక పుల్ల కట్టండి. రెండు త్రిభుజాలవుతాయి. ఇక కదలదు. కర్ర గేటుకు ఏటవాలు బద్ద కొట్టేది ఇందుకే.

ఇంటికీ పనికొస్తుంది

3, 4, 5 అంగుళాల పుల్లలతో త్రిభుజం చెయ్యండి. 3, 4 కలిసే మూల తిన్నగా, పుస్తకం మూలలా ఉంటుంది. అది లంబకోణ త్రిభుజం.

ఇల్లు కట్టేటప్పుడు పునాది మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ గుర్తుల మధ్య తాడు పట్టి కొలవండి. సరిగ్గా 5 అడుగులు ఉంటే మూల తిన్నగా ఉన్నట్టే. లేకపోతే గోడ లేవకముందే మేస్త్రికి చెప్పండి. తరవాత చెప్పితే ఖర్చు మనదే.

ఆ రోజు పాప లెక్క నేర్చుకుంది. అమ్మా నేర్చుకుంది. మీ ఇంట్లోనూ చీపురు ఉంది కదా! ఈ సాయంత్రం పిల్లలతో కూర్చోండి.