దారి చూపేవాడు ‘వద్దు’ అన్న రోజు

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుండి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్లు వెళితే, మృత సముద్రపు తూర్పు గట్టున కొండ నిలువునా చీలినట్లు కనిపించే చోటు ఒకటి వస్తుంది. ఆ చీలికలో నుండి ఒక నది వచ్చి సముద్రంలో కలుస్తుంది. దాని పేరు వాదీ మూజిబ్. ఉర్దూ తెలిసిన పాఠకులకు ‘మూజిబ్’ అంటే కారణమని వేరుగా చెప్పనక్కరలేదు. అల్లాహ్ శుభనామాలలోని ‘అల్ ముజీబ్’ వేరు, ఇది వేరు. మృత సముద్రాన్ని అరబ్బులు ‘బహ్ర్ లూత్’ అని కూడా అంటారు. దాని నీటిమట్టం సాధారణ సముద్రమట్టం కన్నా 400 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. తూర్పున ఉన్న కరక్, మాదబా పీఠభూముల మీద కురిసిన వాన ఇంత లోతుకు దిగిరావలసి ఉన్నందున, నీరు వేల యేండ్లుగా రాతిని కోసుకుంటూ ఇరుకైన లోయలను ఏర్పరచింది. ఎర్రని ఇసుకరాతి గోడల నడుమ పారే ఈ సందును అక్కడివారు ‘సీఖ్’ అంటారు.

ఇటువంటి లోయలలో వాగు వెంట నడుస్తూ, ఈదుతూ, జలపాతాల వద్ద తాడు పట్టుకొని దిగుతూ సాగే ప్రయాణాన్ని కేనియనింగ్ అంటున్నారు. పర్వతారోహణలో మనిషి పైకి పోతాడు, ఇందులో నీటితో పాటు కిందికి పోతాడు. ఈ తేడా చిన్నది కాదు. కొండ ఎక్కేవాడు అలసిపోతే వెనుదిరగవచ్చు. జలపాతం దిగి తాడు లాగివేసిన తరువాత మాత్రం ముందుకు పోవడమే తప్ప వెనుకకు దారి ఉండదు. అందువలన ఈ ప్రయాణంలో అసలు నిర్ణయమంతా నీటిలో అడుగు పెట్టకముందే జరిగిపోతుంది.

మూజిబ్ లోయను 1987లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ప్రకృతి పరిరక్షణకు కృషి చేసే ఒక రాయల్ సొసైటీ దానిని నిర్వహిస్తున్నది. యునెస్కో 2011లో దీనిని జీవావరణ మండలంగా గుర్తించింది. కొండమేకలకు ఇది పేరుపొందిన నెలవు. ఇక్కడి దారులలో కఠినమైనది ‘మలాఖీ’ మార్గం. మూజిబ్ నది, హీదాన్ అనే మరొక నది కలుసుకునే స్థలం కనుక దానికి ఆ పేరు వచ్చింది. మన ఇళ్లలో వాడే ‘ములాఖాత్’ కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే. పదునెనిమిదేండ్లు నిండనివారిని ఆ మార్గంలోకి రానివ్వరు. మార్గదర్శి లేకుండా ఎవరినీ పంపరు. శీతాకాలపు వానల నెలలలో నీటి దారులు మూసివేస్తారు.

ఈ నియమాలు ఎందుకో తెలియాలంటే 2018 అక్టోబరు 25వ తేదీని తలచుకోవాలి. మూజిబ్‌కు ఉత్తరాన ఉన్న జర్ఖా మయీన్ లోయకు ఆనాడు ఒక పాఠశాల బస్సు వచ్చింది. పిల్లలు వాగులో ఉండగా ఎగువన కురిసిన వాన వరదగా మారి వారి మీద విరుచుకుపడింది. చుట్టుపక్కల విహారానికి వచ్చిన ఇతరులతో కలిపి 21 మంది మరణించారు. వారిలో అత్యధికులు పసివారు. ఆ విహారయాత్రకు అనుమతి లభించినది అజ్రఖ్ అనే మరొక ప్రాంతానికని తరువాత అధికారులు తెలిపారు. వారం తిరిగేసరికి విద్యాశాఖ మంత్రి, పర్యాటక శాఖ మంత్రి రాజీనామా చేశారు. మంత్రులు దిగిపోతే పిల్లలు తిరిగిరారు. అయినా బాధ్యత అనేది ఎక్కడో ఒకచోట ఆగాలి గదా అని ఆ దేశ ప్రజలు అడిగినందుకైనా మెచ్చుకోవాలి.

ఏప్రిల్ చివరి వారంలో మేము ఆరుగురం మలాఖీ దారికి వెళ్లాము. నలుగురు పురుషులు, ఇద్దరు స్త్రీలు, అందరమూ దగ్గరి బంధువులమే. బైతుల్ మఖ్దిస్ యాత్ర ముగించుకొని అమ్మాన్‌లో మిగిలిన రోజులను ఇందుకు కేటాయించుకున్నాము. మొదటి రోజు తెల్లవారి సందర్శకుల కేంద్రానికి చేరేసరికి దారి మూసివేసినట్లు చెప్పారు. మృత సముద్రం అద్దంలా మెరుస్తున్నది, ఆకాశం కడిగినట్లున్నది.

మాలో చిన్నవాడైన మేనల్లుడు ఊరుకోలేదు. “మామూ, మబ్బు తునక కూడా లేదు గదా! ఎందుకు మూసేశారో అడగండి” అన్నాడు.

మార్గదర్శి నలభై దాటిన స్థానిక అరబ్బు. అతడు మా వాడి మాట అర్థం చేసుకున్నట్లు నవ్వి, తలపైని ఆకాశాన్ని కాక తూర్పు దిక్కున కొండల వెనుకను చూపించాడు. “మీరు చూస్తున్నది ఇక్కడి ఆకాశం. మన మీదికి వచ్చేది అక్కడి నీరు. కరక్ ఎత్తుల మీద వాన పడవచ్చునన్నారు. ఈ రోజు వద్దు” అన్నాడు. దానిపై చర్చ లేదు. సొమ్ము మరుసటి రోజుకు మార్చుకోండని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు వరద రాలేదు. ఈ మాట దాచకుండా చెప్పాలి. సాయంత్రం వరకు నీరు అదే తీరుగా, అదే రంగుతో పారింది. ఒక రోజు పోయిందని మావాళ్లలో ఇద్దరు కొంత గొణిగారు కూడా. అయితే వరద వస్తేనే ఆ నిర్ణయం సరైనదనీ, రాకపోతే అతిజాగ్రత్త అనీ తూచడం న్యాయం కాదని మా అభిప్రాయం. మార్గదర్శి చేతిలో ఉదయం ఏమి సమాచారం ఉన్నదో దానిని బట్టే అతనిని తూచాలి. ఆ కొండలు చాలావరకు నగ్నమైన రాతి నేల. మన నల్లమలలో లాగా వాన చుక్కను పట్టి నిలిపే చెట్టూ మట్టీ అక్కడ అరుదు. కురిసినదంతా జారి, వెడల్పైన పరీవాహక ప్రాంతం నుండి నాలుగైదు మీటర్ల సందులోకి దూరుతుంది. ఆ సందులో నిలుచున్న మనిషికి వాన కనిపించదు. నీరు ఒక్కసారిగా బురదరంగు తిరగడం, ఆకులూ పుల్లలూ తేలి రావడం, ఎగువ నుండి గాలితో కూడిన రొద వినిపించడం, ఇవే గుర్తులు. అవి కనిపించిన తరువాత మిగిలేది నిమిషాలే. గోడలు నున్నగా నిలువుగా ఉన్నచోట ఆ నిమిషాలు కూడా ఎందుకూ కొరగావు.

మరుసటి ఉదయం అనుమతి దొరికింది. ముందు ఎండలో కొండ ఎక్కి, వెనుక నీలిగా పరచుకున్న మృత సముద్రాన్ని వదలి లోయలోకి దిగాము. నీటిలో అడుగు పెట్టే ముందు మార్గదర్శి గోడ మీద ఒకచోట వేలు చూపించాడు. అక్కడ, మా తలలకు రెండు నిలువుల ఎత్తున, రాతి పగులులో ఎండిన రెల్లుదుబ్బు, ఒక విరిగిన కొమ్మ ఇరుక్కొని ఉన్నాయి. అవి అంత ఎత్తుకు ఎలా చేరాయో మేనల్లుడు అడగలేదు. నిన్నటి సణుగుడు అక్కడితో ఆగిపోయింది.

హెల్మెట్, లైఫ్ జాకెట్, నడుముకూ తొడలకూ బిగించే పట్టీల కట్టు ప్రతి ఒక్కరికీ ఇచ్చారు. స్త్రీల విషయం పాఠకులు అడుగుతారని తెలుసు గనుక చెబుతున్నాము. మావారిద్దరూ ఒళ్లంతా కప్పే ఈత దుస్తుల మీద మోకాళ్ల వరకు వదులైన పైవస్త్రం వేసుకున్నారు. తల కప్పిన గుడ్డ హెల్మెట్ కింద కదలకుండా నిలిచింది. మార్గదర్శి పట్టీలు బిగించే తీరును తన ఒంటి మీద చూపించాడు. ఎవరి భార్యకు వారు బిగించారు. అతడు పట్టీ కొసను మాత్రం లాగి, బిగువు సరిచూశాడు. పరదా పాటించే స్త్రీ ఇటువంటి చోటికి రాకూడదనేవారి మాటా, కొండలలో పరదా ఏమిటనేవారి మాటా రెండూ మాకు సమ్మతం కావు. ముందుగా మాట్లాడుకుంటే దారి దొరుకుతుంది. నీటి అంచున నిలబడి తర్కించుకుంటే దొరకదు.

చల్లని మడుగులలో ఈదుతూ, బండల మీదుగా జారుతూ రెండు నదులు కలిసే చోటికి చేరుకొని, అక్కడి నుండి సీఖ్ వైపు మళ్లాము. జుహర్ వేళకు ఒక వెడల్పైన రాతి అరుగు దొరికింది. వాగులోనే వుజూ చేసుకున్నాము. సూర్యుడు కనిపించని ఆ సందులో ఖిబ్లా ఎటు అని తడుముకుంటుంటే మార్గదర్శి, ‘నది పడమరకు పోతున్నది, దిగువకు తిరిగి నిలబడితే ఎడమ గోడ దక్షిణం, దానికి కొంచెం తూర్పుగా మక్కా’ అన్నాడు. అతడే ఇమామత్ చేశాడు. తరువాత అతడు షాఫయీ పద్ధతిలో అస్ర్‌ను కూడా అప్పుడే కలిపి చేసుకున్నాడు. హనఫీలమైన మేము అస్ర్‌ను పైకి వచ్చాక దాని వేళలోనే చేశాము. ఒకరినొకరు ప్రశ్నించుకోలేదు.

ఇక 20 మీటర్ల జలపాతం. ఆరంతస్తుల మేడ అంచున నిలబడినట్లు ఊహించుకోవచ్చు. తాడు పట్టుకొని దిగడంలో బలంతో పని తక్కువ. వెనుకకు వాలి, దేహపు బరువును తాడుకు అప్పగించి, పాదాలను గోడకు ఆనించి, కుడిచేతిని తుంటి పక్కనే ఉంచి తాడును కొద్దికొద్దిగా వదలాలి. భయపడినవాడు గోడకు అతుక్కుపోతాడు, అప్పుడు కాళ్లు జారతాయి. పైనుండి మరొక తాడు మార్గదర్శి అధీనంలో ఉంటుంది. మన చేయి జారినా అది పట్టి ఉంచుతుంది. మాలో పెద్దవారైన భాయీజాన్ అంచున చాలాసేపు నిలబడిపోయారు. మార్గదర్శి తొందర పెట్టలేదు. ఆయన కట్టును, ముడిని మరొకసారి తడిమి చూపించి, “యా హాజ్, మీ వైపు పని అయిపోయింది. ఇప్పుడు బిస్మిల్లాహ్ అనండి” అన్నాడు. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (సఅసం) బోధనను ఎన్నో ప్రసంగాలలో విన్నాము. దానిలోని రెండు భాగాల వరుస ఆ క్షణంలో తెలిసినంతగా మునుపెన్నడూ తెలియలేదు.

దారి తెలిసినవానిని వెతికి కుదుర్చుకోవడం మన చరిత్రలో ఒక ఘనమైన ఘట్టం. హిజ్రత్ సమయంలో దైవప్రవక్త (సఅసం), హజ్రత్ అబూబక్ర్ (రజి) కుదుర్చుకున్న మార్గదర్శి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. అప్పటికి అతడు ముస్లిం కాదు, ఖురైషుల మతం మీదనే ఉన్నాడు. అయినా దారులు క్షుణ్ణంగా తెలిసినవాడనీ, నమ్మదగినవాడనీ అతనికి రెండు ఒంటెలను అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు రమ్మన్నారు. అవతల ఖురైషులు పట్టి ఇచ్చినవారికి నూరు ఒంటెల బహుమతి ప్రకటించారు. గుహ ఎక్కడో అతనికి తెలుసు. అతడు చెప్పిన వేళకు వచ్చి, జనం ఎక్కువగా తిరగని సముద్రతీరపు దారిన వారిని మదీనాకు చేర్చాడు. నైపుణ్యం ఒకటి, అమానత్ ఒకటి. రెండూ ఒకే మనిషిలో ఉన్నవో లేవో చూసి మరీ ఎంచుకున్నారు.

ఆ రెండింటిలో ఒకటి లోపిస్తే ఏమవుతుందో స్విట్జర్లాండ్ చూసింది. 1999 జులై 27న ఇంటర్‌లాకెన్ సమీపాన సాక్సెట్‌బాఖ్ వాగులో కేనియనింగ్‌కు దిగిన బృందాలను ఎగువన కురిసిన ఉరుముల వాన తెచ్చిన వరద ఈడ్చుకుపోయింది. 21 మంది చనిపోయారు, వారిలో ముగ్గురు గైడ్లే. అంటే గైడు వెంట ఉన్నాడన్నది ఒక్కటే రక్ష కాదన్నమాట. 2001 డిసెంబరులో అక్కడి న్యాయస్థానం సంస్థకు చెందిన ఆరుగురిని దోషులుగా తేల్చింది. ఇద్దరు గైడ్లను మాత్రం వదలివేసింది. వాగులో ఉన్నవానికన్నా, వాగులోకి పంపాలని నిశ్చయించినవానిదే ఎక్కువ బాధ్యత అని ఆ తీర్పును మేము అర్థం చేసుకున్నాము. సాహసయాత్రలు నడిపేవారికి అనుమతిపత్రం తప్పనిసరి చేసే చట్టం ఆ దేశంలో అమలులోకి వచ్చేసరికి 2014 అయింది.

అదే 2014 జూన్ 8 సాయంత్రం మన తెలుగు ఇళ్లకు ఆ శోకం వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, బియాస్ నది ఒడ్డు బండల మీదికి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ ఆనకట్ట నుండి ఒక్కసారిగా వదలిన నీటిలో కొట్టుకుపోయారు. అది కేనియనింగ్ కాదు, ఫోటోల కోసం దిగిన చోటు. కానీ లెక్క అదే. ఆపద ఎగువ నుండి వచ్చింది, ఎగువ సంగతి తెలిసి ‘దిగవద్దు’ అనగలిగిన మనిషి ఆ ఒడ్డున లేడు. హిమాచల్ హైకోర్టు తరువాత తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయల చొప్పున పరిహారం చెల్లించమన్నది. ఆ భారంలో కళాశాలకూ వాటా ఉన్నది.

ప్రతి యేడు శీతాకాలంలో మన పిల్లలు బడుల నుండి విహారయాత్రల అనుమతిపత్రాలు తెస్తారు. ఎంత సొమ్ము, ఎప్పుడు తిరిగివస్తారు, హలాల్ భోజనం ఉన్నదా అని అడిగి సంతకం పెడతాము. ఆ ప్రశ్నలు అవసరమే. వాటితో పాటు, అక్కడి నీటి సంగతి, కొండ సంగతి తెలిసిన స్థానికుడు ఎవరు వెంట ఉంటారో అడగాలి. అతడు వద్దంటే ఉపాధ్యాయులు ఆగుతారా అని అడగాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, ‘వద్దు’ అన్నందుకు ఆ రోజు అతని కూలి పోతుందా అన్నది కనుక్కోవాలి. కూలి పోతుందనుకుంటే అతని నోట ఆ మాట రావడం కష్టం. అటువంటప్పుడు యాత్ర రద్దయినా అతనికి ఇవ్వవలసినది ఇచ్చివేస్తామని ముందుగానే చెప్పి ఉంచడం, మనిషికి నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే, ఆ బృందంలోని పెద్దల పని.