పాదాలకు దుర్వాసన ఎందుకు వస్తుంది?

బూట్లు విప్పగానే వెలువడే దుర్వాసన చాలమంది పురుషులకు పరిచితమైనదే. దానిని గురించి వైద్యునితో చెప్పుకొనుటకు సంకోచిస్తారు. ఎదుటివానికి ఉన్నచో నవ్వుటకు మాత్రం వెనుదీయరు. తరగతిలో ఒక బాలుని పాదాలు వాసన వేస్తున్నవని తోటివారు కనిపెట్టినచో, వానికి శుభ్రత లేదని ముద్ర వేయడం కద్దు. కాని దినమునకు రెండు మార్లు స్నానం చేసేవారికి సైతం ఈ బాధ ఉండవచ్చును. రోజంతా మట్టిలో చెప్పులు లేకుండ తిరిగే వానికి ఇది లేకపోవచ్చును. కనుక ఇది కేవలం మురికికి సంబంధించిన విషయం కాదు. కారణమేమో సరిగా తెలిసికొన్నచో నివారణ మార్గం కూడ సులభంగా బోధపడుతుంది.

చెమటకు వాసన లేదు

మానవ శరీరం మీద 20 నుండి 40 లక్షల వరకు స్వేదగ్రంథులు ఉంటవని అంచనా. ఇవి అంతటా సమానంగా వ్యాపించి లేవు. వీపు మీద పలుచగాను, అరచేతులలో, అరికాళ్ళలో మిక్కిలి దట్టంగాను ఉంటవి. అరికాలిలో ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు కొన్ని వందల గ్రంథులు ఉంటవి. ఇవి వేడికే గాక, మనస్సులోని ఆందోళనకు కూడ స్పందిస్తవి. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అందుకొన్నప్పుడు అరచేయి తడిసినట్లే అరికాలు కూడ తడుస్తుంది. అది బూటులో దాగి ఉన్నందున గమనించము. యౌవనారంభంలో చెమట ఎక్కువగుట సహజం. స్త్రీల కంటె పురుషులకు సాధారణంగా చెమట ఎక్కువ పడుతుంది. మూసిన బూట్లు రోజంతా ధరించవలసిన పోలీసులు, సైనికులు, కర్మాగారపు పనివారు మొదలైన వారిలో అత్యధికులు పురుషులే. ఈ బాధ పురుషులలో ఎక్కువగా కనిపించుటకు ఇవియే ముఖ్య కారణాలు.

ఈ చెమటలో నూటికి 99 పాళ్ళు నీరే. మిగిలినది ఉప్పు, స్వల్పంగా లాక్టిక్ ఆమ్లం, యూరియా, అమైనో ఆమ్లాలు. అప్పుడే ఊరిన చెమటకు చెప్పుకోదగిన వాసన ఏమియు లేదు. మరి వాసన ఎక్కడ పుట్టినట్లు?

వాసనను తయారు చేసే జీవులు

మన చర్మం మీద ఎల్లప్పుడును కోట్లకొలది బాక్టీరియా నివసిస్తూ ఉంటవి. వాటిలో పెక్కు మనకు హాని చేయనివి. పాదాల మీద అధికంగా ఉండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియా చెమటలోని లూసీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆహారంగా తీసికొంటుంది. లూసీన్ అణువు నుండి అమైనో భాగం తొలగి, ఒక కర్బన పరమాణువు బొగ్గుపులుసు వాయువుగా విడిపోగా, మిగిలేది ఐసోవలెరిక్ ఆమ్లం. పుల్లగా, పాచిపోయినట్లు ఉండే ఆ ఘాటు వాసన దీనిదే. 1990 లో జపాను పరిశోధకులు వాసన అధికంగా గలవారి పాదాలను, వాసన లేనివారి పాదాలను పోల్చి చూచి, ఈ ఆమ్లమే ముఖ్య దోషి అని తేల్చినారు.

బ్రెవిబాక్టీరియం జాతికి చెందిన మరికొన్ని జీవులు అరికాలి మృతచర్మాన్ని తిని, మిథియొనీన్ నుండి మీథేన్‌థయాల్ అనే గంధక సమ్మేళనాన్ని విడుదల చేస్తవి. విశేషమేమనగా, ఈ జాతికే చెందిన జీవిని ఐరోపాలో లింబర్గర్ అనే జున్నును మాగవేయుటకు ఉపయోగిస్తారు. ఆ జున్నుకు పాదాల వాసన ఉన్నదని జనం చెప్పుకొనే మాటలో శాస్త్రీయ సత్యం ఉన్నది. ఆఫ్రికాలో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ గాంబియే దోమ మనుష్యుల పాదాలనే ఎక్కువగా కుడుతుందని గమనించిన డచ్చి శాస్త్రజ్ఞుడు బార్ట్ నోల్స్, అతని సహచరుడు కలిసి, ఆ దోమను ఈ జున్ను వాసన కూడ ఆకర్షిస్తుందని 1996 లో ప్రకటించినారు. దోమలను పట్టే బోనులకు వాసనను ఎరగా వాడవచ్చుననే ఆలోచనకు ఇది తోడ్పడినది.

బూటు చేసే పని

బాక్టీరియా అందరి పాదాల మీదను ఉన్నప్పుడు అందరికీ వాసన ఎందుకు రాదు? వాటికి కావలసినవి తడి, వెచ్చదనం, వ్యవధి. చెప్పులు తొడిగిన పాదం మీది చెమట గాలికి ఆరిపోతుంది. బూటులో అది ఆరుటకు వీలు లేదు. అరికాలి దళసరి చర్మం గంటల తరబడి నాని మెత్తబడి, బాక్టీరియాకు చక్కని పొలమవుతుంది. నైలాను మేజోళ్ళు తడిని పీల్చుకొనవు. సాయంత్రం విప్పిన బూటు మరునాటి ఉదయానికి లోపల పూర్తిగా ఆరదు. నిన్నటి తడిలోనే నేడు మరల కాలు పెట్టడం జరుగుతుంది.

ఇంటికి రాగానే కాళ్ళు కడుగుకొని లోనికి వచ్చుట మన తెలుగు ఇండ్లలో తరతరాల ఆచారం. ఇది మేలైన ఆచారమే. చెప్పులతోనో, ఉత్త కాళ్ళతోనో తిరిగిన కాలంలో కడిగిన కాళ్ళు వాటంతట అవే ఆరేవి. ఉదయం కాళ్ళు కడిగి, తడి వ్రేళ్ళ మీదనే మేజోళ్ళు తొడిగే నేటి కాలంలో తుడుచుకొనుట అనే రెండవ సగం తప్పనిసరి అయినది.

నివారణ

దినమునకు ఒక మారైనను పాదాలను సబ్బుతో, వ్రేళ్ళ సందులతో సహా, రుద్ది కడుగవలెను. తరువాత పొడిగుడ్డతో ఒక్కొక్క సందును ఒత్తి తుడువవలెను. గట్టిపడిన మృతచర్మాన్ని వారమునకు ఒకటి రెండు సార్లు నురుగురాయితో మెల్లగా తీయవచ్చును. మేజోళ్ళను ప్రతిదినము మార్చవలెను. చెమట ఎక్కువైనచో మధ్యాహ్నం కూడ మార్చుట మంచిది. వీలైనచో రెండు జతల బూట్లు ఉంచుకొని దినము విడిచి దినము తొడుగవలెను. ఒకే జత ఉన్న విద్యార్థి ఇంటికి రాగానే బూట్ల నాలుకలు బాగుగా పైకి లాగి, లోపల పాత వార్తాపత్రిక కాగితాలు ఉండలు చేసి కూరినచో, అవి తడిని పీల్చుకొంటవి. సెలవు దినాన ఎండలో పెట్టుట మరింత మేలు. అత్తరులు, సువాసన పౌడర్లు వాసనను కొంతసేపు కప్పిపుచ్చునే గాని కారణాన్ని తొలగింపవు.

రాత్రివేళ బూట్లలో కొద్దిగా వంటసోడా చల్లి, ఉదయం దులిపివేసే పద్ధతిలో రసాయన శాస్త్రం ఉన్నది. దీనిని తరగతిలో ప్రయోగం చేసి చూపవచ్చును. ఒక గిన్నెలో కొంచెం వినిగరు పోసి వాసన చూడవలెను. తరువాత పొంగు ఆగే వరకు వంటసోడా కలిపి మరల వాసన చూచినచో, ఘాటు దాదాపు పోయి ఉంటుంది. వినిగరులోని ఎసిటిక్ ఆమ్లం ఐసోవలెరిక్ ఆమ్లానికి తమ్ముని వంటిది. ఆమ్లం సులభంగా ఆవిరియై ముక్కుకు చేరుతుంది; సోడాతో కలిసి లవణమైన తరువాత ఎగిరిపోలేదు.

చికిత్స

ఈ జాగ్రత్తలతో తగ్గనప్పుడు చెమటనే తగ్గించవలసి ఉంటుంది. క్షౌరశాలలలో వాడే పటిక అల్యూమినియం లవణమే. దానికి చర్మాన్ని బిగియజేసే గుణం ఉన్నది. మందుల దుకాణాలలో దొరకే అల్యూమినియం క్లోరైడు ద్రావణం ఇంకను బలమైనది. దీనిని రాత్రి పండుకొనే ముందు పూర్తిగా పొడిగా ఉన్న అరికాళ్ళకు రాసి, ఉదయం కడిగివేయవలెను. ఇది స్వేదనాళాల మొగలను తాత్కాలికంగా మూసివేస్తుంది. చీలిన చర్మం మీద రాయరాదు. మంట పుట్టినచో మానవలెను.

అరికాలిలో సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు కనిపించినచో, అది బాక్టీరియా చర్మాన్ని తొలుచుట వలన కలిగే వ్యాధి. 1910 లో కాస్టెల్లానీ అనే వైద్యుడు సింహళంలో దీనిని మొదట వర్ణించినాడు. వైద్యుడు ఇచ్చే బాక్టీరియా నాశక లేపనాలతో ఇది కుదురుతుంది. వ్రేళ్ళ సందులు తెల్లగా నాని, దురదతో పొట్టు లేచినచో అది చాలవరకు శిలీంధ్రం పని. దానికి మందు వేరు. మధుమేహం గలవారు పాదాలలో చీలిక గాని పుండు గాని కనిపించినచో ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను. వారికి నొప్పి తెలియకపోవచ్చును.

ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన విషయం మరియొకటి ఉన్నది. ఒకే వాసనను విడువక పీల్చే ముక్కు కొంతసేపటికి దానిని గుర్తింపదు. అంతేగాక, ఐసోవలెరిక్ ఆమ్లపు వాసనను పసికట్టలేనివారు కొందరు పుట్టుకతోనే ఉన్నారని అమెరికా శాస్త్రజ్ఞుడు ఆమూర్ 1967 లో తెలియజేసినాడు. కనుక తన పాదాల వాసన తనకు తెలియదని చెప్పే బాలుడు నిజమే చెప్పుచుండవచ్చును. వానిని నలుగురిలో మందలించినచో సిగ్గుపడి బూట్లు విప్పుటయే మానివేస్తాడు. అప్పుడు పాదాలకు గాలి తగలక బాధ ఇనుమడిస్తుంది. వానిని ఒంటరిగా పిలిచి, పాదాలను కడుగుట కంటె ఆరబెట్టుట ముఖ్యమని చెప్పినచో చాలును. కొద్ది వారాలలోనే మార్పు కనిపించగలదు.