పదును దాటకముందే

 

మన సీమ రైతుకు పదును అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. జూన్, జూలై మాసాల్లో ఒక మంచి వాన కురిస్తే మన ఎర్రనేలల్లో తడి కొద్ది రోజులే నిలుస్తుంది. వేరుశనగ విత్తనం ఆ రోజుల్లోనే పడాలి. అప్పుడు ఏ రైతూ “పొలమంతా ఒకేసారి వేసే వీలు కుదిరినప్పుడు చూద్దాం” అని కూర్చోడు. ఎద్దులున్నంత మేరకు, విత్తనం ఉన్నంత మేరకు గొర్రు తోలుతాడు. పొలం విషయంలో ఇంత వివేకం చూపే మనమే నమాజు, అప్పు, వీలునామా, పిల్లల చదువు అనేసరికి పదును దాటిపోయేదాకా ఎందుకు ఆగుతున్నాము?

వాయిదా వేసేవాడు పనిని కాదనడు. అదే అందులోని మోసం. కాదన్నవాడికి తన తప్పు తెలుస్తుంది. “చేస్తాను” అన్నవాడికి మాత్రం తాను సగం చేసేసినట్టే ఉంటుంది. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. రేపటి పని గురించి పలికేటప్పుడు అల్లాహ్ తలిస్తేనే అని చెప్పమని దివ్య ఖుర్ఆన్ కహఫ్ సూరాలో బోధించింది. అది సంకల్పం చేసుకున్నవాడు వినమ్రతతో పలకవలసిన మాట. అప్పులవాడిని గుమ్మం నుండి పంపివేయడానికి మనం “ఇన్షా అల్లాహ్” అంటున్నామంటే, ఆ పవిత్ర వాక్యాన్ని అవమానిస్తున్నాము.

హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన వృత్తాంతాన్ని తానే వివరించగా, బుఖారీ, ముస్లిం గ్రంథాలలో అది నమోదైంది. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణం. తీవ్రమైన ఎండలు, మదీనాలో ఖర్జూరాలు పండిన కాలం. కఅబ్ (రజి) అంతకుముందెన్నడూ లేనంత కలిమిలో ఉన్నారు. ఎన్నడూ లేనిది, ఆయన వద్ద రెండు వాహన జంతువులు కూడా ఉన్నాయి. ప్రతి ఉదయం సన్నాహాలకని బయలుదేరేవారు, ఏమీ చేయకుండానే తిరిగి వచ్చేవారు. తలచుకుంటే ఎప్పుడైనా చేయగలనన్న ధీమా ఆయనను ఆపింది. సైన్యం కదిలిపోయింది. ఒకటి రెండు రోజుల్లో బయలుదేరి అందుకోవచ్చనుకున్నారు. అదీ జరగలేదు. గమనించండి, ఆయన కపటి కారు, బీదవారు కారు, రోగి కారు. ఆయనను వెనుక నిలిపింది స్తోమత లేకపోవడం కాదు, స్తోమత ఉందన్న నమ్మకం.

దైవప్రవక్త (స) తిరిగి వచ్చినప్పుడు ఎనభై మందికి పైగా సాకులు చెప్పారు. కఅబ్ (రజి) నిజం చెప్పారు. ఆయనతోను, మరి ఇద్దరు సహాబీలతోను ఎవరూ మాట్లాడరాదని ఆజ్ఞ అయింది. యాభై రాత్రులు గడిచిన తరువాత వారి పశ్చాత్తాపం స్వీకరించబడింది. ఆ వార్త దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో ఉంది.

ఈ గాథను మనం ఇంతవరకే చెప్పి ఆపుతుంటాము. దాని చివరి ఘట్టం మన అంశానికి ఇంకా ముఖ్యం. క్షమాపణ లభించిన సంతోషంలో కఅబ్ (రజి) తన యావదాస్తిని దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) దానికి ఒప్పుకోలేదు, కొంత తన కోసం ఉంచుకోవడమే మేలన్నారు. ఆయన ఖైబర్‌లోని తన వాటాను ఉంచుకున్నారు. జీవితాంతం సత్యమే పలుకుతానన్న ఒక్క మాటను మాత్రం పట్టుకుని నిలబెట్టుకున్నారు. వాయిదా వేసి కుమిలిపోయిన మనిషి తరువాత చేసే తప్పు ఇదే. మోయలేనంత పెద్ద ప్రతిజ్ఞ చేస్తాడు. అది రెండు వారాల్లో కూలుతుంది, ఆపైన మళ్ళీ వాయిదాలు మొదలవుతాయి.

2009 అక్టోబరు 2, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు పాతబస్తీని ముంచెత్తిన రోజు. అక్కడ బట్టల దుకాణం నడిపే ఒక సోదరుడు తన మేనత్త వద్ద అరవై వేల రూపాయలు వడ్డీ లేని అప్పు తీసుకుని ఉన్నాడు. ఆమె వితంతువు, కూతురి నిఖా కోసం దాచుకున్న సొమ్ము అది. రమజాన్ వ్యాపారం బాగా సాగింది, డబ్బు చేతికి వచ్చింది. “దీపావళి సరుకు కూడా అమ్మి ఒకేసారి ఇస్తాను అత్తా” అన్నాడు. పండుగ వెళ్ళి రెండు వారాలైనా కాకముందే ఆ సరుకంతా బురదపాలైంది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆమె ఎవరితోనూ ఫిర్యాదు చేయలేదు. అది మమ్మల్ని మరింత బాధించింది.

ఆ తరువాత కూడా అతడు మా వద్దకు వచ్చి, నిలదొక్కుకోగానే మొత్తం తీరుస్తానన్నాడు. మేము ఒప్పుకోలేదు. ప్రతి నెలా మొదటి జుమా నాడు వెయ్యి రూపాయలు ఆమె చేతిలో పెట్టమన్నాము. అతనికి అది నామోషీగా తోచింది. అయినా 2010 జనవరిలో మొదలుపెట్టి, 2014 డిసెంబరులో అరవైయ్యవ వెయ్యి ఇచ్చాడు. అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైన ఆచరణ, కొంచెమైనా సరే, ఎడతెగక సాగేదేనని దైవప్రవక్త (స) తెలియజేసినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు.

కడపలో మేము హిఫ్జ్ పిల్లలకు పాఠం చెప్పిన రోజుల్లో ఈ సూత్రాన్ని నిత్యం చూసేవాళ్ళము. పదిహేను పంక్తుల ముద్రణలో ఖుర్ఆన్ సుమారు 600 పుటలు. ఏ ఉస్తాదూ పిల్లవాడికి 600 పుటలు చూపించి భయపెట్టడు. ఈ రోజు సబఖ్ ఎంతో అంతే చెబుతాడు. శుక్రవారాలు, పండుగలు పోగా ఏడాదికి 300 రోజులనుకుంటే, రోజుకు పుట చొప్పున రెండేళ్ళు, అరపుట చొప్పున నాలుగేళ్ళు. పాత పాఠం అప్పజెప్పనిదే కొత్త సబఖ్ ఇవ్వరు. అన్నిటికన్నా ముఖ్యం, పాఠానికి వేళ ఉంటుంది, వినే మనిషి ఉంటాడు. మన సంకల్పాలకు ఈ రెండూ ఉండవు. (మేమూ దీనికి అతీతులము కాము. ఉర్దూలో చెప్పే బయానును తెలుగులో వ్రాసి ఇస్తామని జమాఅత్ పెద్దలకు ఎన్నో ఏళ్ళు మాట ఇస్తూనే వచ్చాము. ఫజ్ర్ తరువాత ఒక్క పుట వ్రాసి ముఅజ్జిన్ గారికి చదివి వినిపించాలని నియమం పెట్టుకున్నాకే ఇది సాధ్యమైంది.)

ఖజా నమాజులు ఏళ్ళ తరబడి పేరుకుపోయాయని నిరాశపడే యువకులు దీనినే అనుసరించవచ్చు. ప్రతి ఫర్జ్‌తో పాటు అదే వేళకు చెందిన ఒక ఖజా. ఫజ్ర్‌తో రెండు, మగ్రిబ్‌తో మూడు, మిగిలిన మూడింటితో నాలుగేసి, ఇషాతో విత్ర్ మూడు. హనఫీ పద్ధతిలో రోజుకు 20 రకాతులు. పదేళ్ళ బాకీ పదేళ్ళలో తీరుతుంది. ఒక నోటుపుస్తకంలో లెక్క వ్రాసుకోండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చేస్తామని పూనుకోకండి, మామూలు లెక్కతోనే కొనసాగండి.

ఇక వీలునామా. వ్రాయవలసిన విషయం ఉన్న ముస్లిం అది వ్రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపడం తగదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అది విన్న నాటి నుండి తన వద్ద వీలునామా లేకుండా ఒక్క రాత్రి కూడా గడవలేదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పారు. ఆస్తి లేదు కదా అనుకోకండి. ఎవరికి ఎంత బాకీ, ఎవరి అమానతు మన ఇంట్లో ఉంది, భార్యకు ఇవ్వవలసిన మహర్ ఎంత మిగిలింది, ఈ మూడు పంక్తులతో మొదలుపెట్టవచ్చు. ఈ రోజు జుమా తరువాత మసీదు వరండాలో కాగితాలు, కలాలు ఉంచుతున్నాము. వ్రాయడం రానివారికి మేము వ్రాసిపెడతాము. సాక్షులుగా ఇద్దరు పెద్దలు అసర్ వరకు అక్కడే కూర్చుంటారు.