కుక్కపిల్లకి కర్ర కాదు, మెప్పు కావాలి!

మా బొబ్బిలి ఇంట్లో కుక్కపిల్ల వసారాలో ఒంటేలు పోసినప్పుడల్లా మా అత్తగారు దాని మూతి నేలకి రాసి, చీపురుతో ఒక్కటి వేసేవారు. అది మానలేదు సరికదా, మంచం కింద దూరి పొయ్యడం మొదలెట్టింది. ఓ రోజు చీపురు తియ్యగానే బెదిరిపోయి, పక్కనున్న మా పాప చెయ్యి కరిచేసింది. సబ్బుతో పావుగంట కడిగి, ఆసుపత్రికి పరుగెత్తి టీకాలు వేయించాం.

"పొయ్యకూడదని కాదమ్మా, మీ కంట పడకూడదని నేర్చుకుంది" అన్నారు పశువుల డాక్టరు గారు.

మరెలా నేర్పాలంటారా? నిద్ర లేవగానే, తిండి తినగానే పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్ళండి. పని కానిచ్చిన మరుక్షణమే మెచ్చుకుని, చిన్న ఇడ్లీ ముక్క పెట్టండి. ఆలస్యమైతే ఎందుకు పెట్టారో దానికి తెలీదు. ఇంట్లో పోస్తే తిట్టకుండా, వాసన పోయేలా కడిగెయ్యండి. వాసనుంటే మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇంటిల్లిపాదీ ఇదే పద్ధతి పాటించాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర మాత్రం పెట్టకండి, కుక్కలకది విషం.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. ఆపైన డాక్టరు చెప్పిన గడువు దాటనివ్వకండి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఏటా ఆ రోజు టీకా చీటీ ఓసారి తీసి చూసుకుంటే మరుపుండదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇడ్లీ ముక్క పట్టుకుని పెరట్లో నిలబడేది ఎవరనుకున్నారు? మా అత్తగారే!