మడవ గుండా పోవు ఎరువు

వరిచేలో యూరియా చల్లిన మరునాడు గట్టుకు మడవ తీసిన రైతు, నీటిని మాత్రమే వదలుచున్నాననుకొనును. కాని ఆ నీటితో సొమ్ము కూడ పోవుచున్నది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 21 కిలోలుండును. నీరు నిండుగానున్న చేలో చల్లినచో యూరియా ఆ నీటిలోనే కరిగియుండును. కొంత ఆవిరియై గాలిలో కలియును. మడవ తీసినను, వానకు గట్టు పొర్లినను, మిగిలినది బోదెలోనికి, అచ్చటినుండి మురుగుకాలువలోనికి చేరును.

అచ్చట గుర్రపుడెక్క దానికొరకే కాచుకొనియుండును! పైరునకు బలమిచ్చు ఎరువే దానికిని బలము. డెక్క అల్లుకొన్న కాలువలో నీటి పరుగు మందగించును. పెద్దవాన కురిసిననాడు మురుగు దిగక చేలు మునుగును. అనగా మన ఎరువు తిని పెరిగిన కలుపే మన పైరును ముంచుచున్నది. బుడమేరు, తమ్మిలేరు నీరు చేరు కొల్లేటిలోను ఈ డెక్క బెడద కలదు. ఆ నీరంతయు ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవలసినదే. నాచు, డెక్క కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. చేపలచెరువుల నీరు, పట్టణముల మురుగు కూడ ఇందుకు కారణములే. రైతునొక్కనినే నిందించుట న్యాయము కాదు. అయినను మడవ మాత్రము రైతు చేతిలోనిది.

నత్రజనిని ఒకేసారి గుమ్మరింపక నాటుటకు ముందు దమ్ములోను, దుబ్బుచేయునప్పుడును, అంకురము దశలోను మూడు దఫాలుగా వేయవలెను. పైపాటుగా వేయునప్పుడు ముందుగానే నీరు తీసివేసి, బురదపదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టవలెను. మబ్బు పట్టి వాన వచ్చునట్లున్న నాడు చల్లరాదు. 2015 నుండి మనదేశపు యూరియాకు వేపపూత వచ్చినది గదా యని కొందరు ధీమాగా నుందురు. ఆ పూత యూరియా త్వరగా నైట్రేటుగా మారకుండ కొంత ఆపునేగాని, నీటితో కొట్టుకొనిపోవుటను ఆపజాలదు.

భాస్వరము తీరు వేరు. అది మట్టిని అంటిపెట్టుకొనియుండి బురదనీటితో పోవును. కావున సూపరుఫాస్ఫేటును ఆఖరు దమ్ములో ఒకేసారి వేసి, బురద అడుగునకు పేరుకొని నీరు తేటపడువరకు మడవ తీయరాదు.

గట్లకు ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలను ఎరువు వేయుటకు ముందే మట్టితో పూడ్చవలెను. మడవ కట్టినను వీటిగుండా రాత్రంతయు నీరు జారిపోవును.